కూలి ముట్టిందా?

రామంతాపూర్‌లో మా సందు దాటి మెయిన్ రోడ్డు ఎక్కితే, ఆ రోడ్డు అసలు పేరు జాతీయ రహదారి 163. ఇక్కడెవరూ అలా పిలవరు. ఒకవైపు అంబర్‌పేట, ఇంకోవైపు ఉప్పల్, అంతే. అదే రోడ్డు ఉప్పల్ దాటి, ఏళ్ళ తరబడి పూర్తికాని ఫ్లైఓవర్ పిల్లర్ల మధ్య నుంచి నారపల్లి, భువనగిరి, వరంగల్, ములుగు, ఏటూరునాగారం మీదుగా వెళ్ళి, గోదావరి దాటి, ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నం దాకా పోతుంది. ఇన్నేళ్ళుగా ఈ రోడ్డు పక్కనే ఉంటున్నా, నాకీ సంగతి 2021 దాకా తెలీదు.

2020 ఏప్రిల్ మొదట్లో ఒక సాయంత్రం, నెత్తిన మూటలతో ఏడెనిమిది మంది ఉప్పల్ వైపు నడిచిపోతుంటే డాబా మీంచి చూశాను. ఆ రాత్రే కవిత రాశాను. పగిలిన మడమలు, కరిగిన తారు, దేశపటం మీద నెత్తుటి అడుగులు. ఫేస్‌బుక్‌లో పెడితే అంతకుముందెప్పుడూ రానన్ని షేర్లు వచ్చాయి. తర్వాత ఒక సంకలనంలో కూడా వేసుకున్నారు.

2021 జనవరిలో కంటి ఆపరేషన్ కోసం మా చిన్నమ్మ వచ్చి పది రోజులు మా ఇంట్లో ఉంది. ములుగు జిల్లాలో వాళ్ళకి రెండెకరాల మిర్చి. కంటికి పట్టీ ఉంది, టీవీ చూడొద్దన్నారు, పొద్దు పోవట్లేదు. "నువ్వు రాసిందేదన్న సదువు బిడ్డా" అంది. అందరికీ నచ్చిన కవిత కదా అని అదే చదివాను. చిన్నమ్మ కాసేపు ఊరుకుని, "మంచిగనే ఉంది. మరి ఆళ్ళకు కూలి ముట్టిందా?" అంది.

నాకు తెలీదు. వాళ్ళు ఎక్కడ పనిచేశారో, ఏం పని చేశారో, ఎవరు పనిలో పెట్టుకున్నారో, ఎంత బాకీ ఉందో, ఏ భాష మాట్లాడతారో ఏదీ తెలీదు. తెలీకుండానే ఇరవై ఆరు లైన్లు రాశాను.

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించి. లాక్‌డౌన్ మీద తెలుగులో వచ్చినవాటిలో నేను చదివినంత మేరకు, ఆ ప్రశ్నకి జవాబు చెప్పగలిగేవి చాలా తక్కువ. నాది అసలే చెప్పలేదు.

*

ఆ రెండు మూడు నెలల కవిత్వాన్ని ఇప్పుడు వరసపెట్టి చదివితే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. కవితలన్నీ నాలుగైదు ఫొటోల చుట్టూనే తిరుగుతాయి. మే 8న ఔరంగాబాద్ దగ్గర గూడ్సు రైలు కింద పదహారు మంది కూలీలు చనిపోయాక, పట్టాల మీద మిగిలిన రొట్టెలు. ఆగ్రాలో తల్లి లాక్కెళ్తున్న సూట్‌కేసు మీద నిద్రపోయిన పిల్లవాడు. ముజఫర్‌పూర్ స్టేషన్‌లో చనిపోయిన తల్లి మీది దుప్పటి లాగుతున్న పసివాడు. వాటితోపాటు పేరూ ఊరూ లేని కాళ్ళు, లెక్కలేనన్ని కాళ్ళు.

ఫొటో చూసి కవిత రాయడం తప్పని నేననను. ఇంట్లో కూర్చున్నవాడికి ఇంకేం దొరుకుతుంది? కానీ ఫొటో ఎక్కడ పడిందో కవిత కూడా అక్కడే ఆగిపోయింది. ఫొటోగ్రాఫర్లు వెళ్ళగలిగింది హైవేలకీ రైల్వే స్టేషన్లకీ. కాబట్టి మన కవిత్వంలో వలస కూలీ అంటే హైవే మీద నడుస్తున్న మనిషి. నడక మొదలుపెట్టే ముందు అతను ఏం చేసేవాడో మనకి అక్కర్లేకపోయింది. ఇటుకబట్టీ కూలీ, అద్దకం మిల్లు కూలీ, మిరపకాయ ఏరే కూలీ, అందరూ ఒకటే అయిపోయారు. పని పోయింది, కాళ్ళు మిగిలాయి.

పైన చెప్పిన ఏ ఒక్క ఫొటోలోనూ పొలం లేదు. పొలాల నుంచి నడిచినవాళ్ళలో చాలామంది హైవే ఎక్కలేదు. పోలీసులు ఆపుతారని అడవి దారుల్లో నడిచారు. అక్కడ ఫొటోలు తీసేవాళ్ళెవరూ లేరు. అందుకే వాళ్ళ మీద కవిత్వం కూడా పెద్దగా లేదు.

*

ఆ అడవి దారిలో నడిచినవాళ్ళలో ఒక అమ్మాయి గురించి మాత్రం దేశమంతా విన్నది. పన్నెండేళ్ళు. ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లా పిల్ల. ఊరివాళ్ళతో కలిసి ఫిబ్రవరిలో ములుగు జిల్లాకి మిర్చి ఏరడానికి వచ్చింది. మార్చి 25 నుంచి లాక్‌డౌన్. ఏప్రిల్ 14న దాన్ని మే 3 దాకా పొడిగించారు. ఆ మర్నాడే గుంపు ఇంటిదారి పట్టింది. మూడు రోజులు, వంద కిలోమీటర్లకి పైగా నడిచారు. ఏప్రిల్ 18న, ఊరు ఇంకొన్ని కిలోమీటర్లే ఉందనగా, ఆ పిల్ల చనిపోయింది. పరీక్ష చేస్తే కరోనా లేదు. ఒంట్లో నీరూ లవణాలూ తగ్గిపోయి చనిపోయిందన్నారు.

మిర్చి పండించే జిల్లాల్లో బతికినవాళ్ళకి ఇందులో వింతేమీ లేదు. కాయ పండే నెలల్లో బస్తర్ నుంచి కూలీలు రావడం చాలా ఏళ్ళుగా ఉన్నదే. చేను పక్కన పరదాలతో గుడిసెలు వేసుకుంటారు. పొద్దున్నుంచి వంగి కాయ ఏరుతారు, కల్లంలో ఆరబోస్తారు, తాలుకాయ వేరుచేస్తారు, బస్తాలకెత్తుతారు. కొన్నిచోట్ల కూలి డబ్బులకి బదులు మిర్చి రూపంలోనే ఇస్తారు. సీజన్ ముందుకి పోతే ఇంటిదగ్గర ఇప్పపువ్వు పోతుంది, ఇంకా ఆలస్యమైతే తునికాకు కూడా పోతుంది. అందుకే ఎప్పుడు రావాలో, ఎప్పుడు పోవాలో వాళ్ళకి ఒక లెక్క ఉంటుంది. లాక్‌డౌన్ ఆ లెక్కని తెంపేసింది.

ఇందులో ప్రభుత్వం పాత్ర చూడాలంటే ఆ నెల కేంద్ర హోంశాఖ ఉత్తర్వులు చదవాలి. సాహిత్యం మనుషులు వాటిని చదవరు గానీ, చదవాల్సినవి. మార్చి 27 ఉత్తర్వు పొలంలో రైతులు, కూలీలు చేసే పనులకి మినహాయింపు ఇచ్చింది. అదే ఉత్తర్వు కోత యంత్రాలు, విత్తే యంత్రాలు రాష్ట్రం లోపలే కాదు, రాష్ట్రాల మధ్య కూడా తిరగొచ్చంది. రెండు రోజుల తర్వాత, మార్చి 29న, వలస కూలీల కదలికని ఆపమని, సరిహద్దులు మూయమని ఇంకో ఉత్తర్వు. అదే కాగితంలో కూలి కోత లేకుండా ఇవ్వాలని యజమానులకి, నెల అద్దె అడగొద్దని ఇంటి ఓనర్లకి చెప్పారు. ఏప్రిల్ 19న, అంటే ఆ పిల్ల చనిపోయిన మర్నాడు, ఇరుక్కున్న కూలీలు ఉన్న రాష్ట్రం లోపల పనికి వెళ్ళొచ్చు గానీ రాష్ట్రం దాటకూడదని స్పష్టంగా రాశారు. ఏప్రిల్ 29న గానీ దాటొచ్చన్న మాట రాలేదు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకి మొదటి శ్రామిక్ రైలు కదిలింది.

కోత మిషన్ సరిహద్దు దాటొచ్చు, కోత కోసే మనిషి దాటకూడదు. కూలీ పొలంలో ఉన్నంతసేపూ అత్యవసరం, పొలం గట్టు దాటి రోడ్డెక్కితే ప్రమాదం. ప్రభుత్వం కూలీని పొలంలో మాత్రమే చూసింది.

మన సాహిత్యం ఏం చేసింది? రోడ్డు మీద మాత్రమే చూసింది. ప్రభుత్వాన్ని తిడుతూ రాసినా, మనిషిని మాత్రం దానిలాగే సగమే చూశాం. చేనుకీ రోడ్డుకీ మధ్య కూలి లెక్క ఉంది, మేస్త్రీ ఉన్నాడు, అడ్వాన్సు ఉంది, కాటా ఉంది. అటు ఉత్తర్వు "కూలి ఇవ్వాలి" అని ఒక వాక్యం రాసి వదిలేసింది. ఇటు మనం ఆ వాక్యం కూడా రాయలేదు.

*

ఆ అమ్మాయి మీద 2021లో ఇంగ్లీషులో ఒక బొమ్మల పుస్తకం వచ్చింది, 'జమ్లో వాక్స్'. సమీనా మిశ్రా రాశారు, తారిక్ అజీజ్ బొమ్మలు వేశారు. పిల్లల పుస్తకమే గానీ పెద్దవాళ్ళం నేర్చుకోవాల్సింది అందులో ఉంది. నడిచే అమ్మాయి ఒకవైపు, లాక్‌డౌన్‌లో ఇళ్ళల్లో ఉండి బయటి లోకాన్ని చూస్తున్న పిల్లలు ఇంకోవైపు. చూసేవాళ్ళు కూడా కథలో ఉన్నారు, వాళ్ళు చూస్తున్నారన్న సంగతి దాచలేదు. నా కవితలో అదే లేదు. డాబా మీద నిలబడి చూసినవాణ్ణి, ఆ గుంపులో నేనూ నడుస్తున్నట్టు "మనం" అని రాశాను. ఆ "మనం" అబద్ధం.

పాటల్లో ఆదేశ్ రవిది గుర్తొస్తుంది. 2020లో చాలామంది ఫోన్లలో మోగింది. పట్నంలో చిక్కుకుపోయిన కూలీ, ఇంటిదగ్గర ఉన్నవాళ్ళ గురించి తన గొంతుతో తనే చెప్పుకుంటాడు. నడక మీద జాలి అడగడు, ఇంటికి పోవాలంటాడు. అది ఆ రోజుల్లో వచ్చినవాటిలో నిజంగా మనసుని తాకిన పాట. కానీ అది తెలుగు కూలీ గొంతు. మన భాషలో బాధపడేవాణ్ణి మనం వెంటనే గుర్తుపడతాం. మన చేలో మిర్చి ఏరుతూ మనకి తెలీని భాషలో మాట్లాడుకునే మనిషి సంగతేంటి?

సినిమాలదీ ఇదే తీరు. అనుభవ్ సిన్హా 'భీడ్' (2023) నలుపు తెలుపుల్లో, ఒక చెక్‌పోస్టు దగ్గరే కథని కూర్చోబెట్టింది. రాష్ట్రాల మధ్య గీత అంటే ఏమిటో, ఆ గీత దగ్గర కులం ఎలా పనిచేస్తుందో బాగా చూపించింది. నాకు ఆ సినిమా మీద గౌరవం ఉంది. కానీ చెక్‌పోస్టుకి అవతలి ఊరూ ఇవతలి పనీ రెండూ అందులో మాటలుగానే మిగిలాయి. మనలో చాలామందికి కూడా సరిహద్దు అంటే చెక్‌పోస్టే. మార్చి చివరి వారంలో హైదరాబాద్ హాస్టళ్ళు మూతపడితే, పాసులు పట్టుకుని బయల్దేరిన పిల్లల్ని జగ్గయ్యపేట దగ్గర గరికపాడులో ఆపేశారు గుర్తుందా? ఆ రాత్రి వాట్సాప్ గ్రూపులన్నీ అదే గొడవ. తెలుగువాళ్ళ మధ్యే ఇంత గోడ ఉందా అని ఆశ్చర్యపోయాం. మిర్చి కూలీకి ఆ గోడ కొత్త కాదు. ఊళ్ళో అడుగు పెట్టిన రోజు నుంచీ ఉన్నదే.

*

తెలుగు సాహిత్యానికి వలస తెలీదా అంటే బాగా తెలుసు. పాలమూరు కూలీ, గుంపు మేస్త్రీ, ముంబై, గల్ఫ్, వీటి మీద మంచి కథలూ పాటలూ ఉన్నాయి. కూలీ సంగతి, కూలి సంగతి 1922లో 'మాలపల్లి'కే తెలుసు. అందులో సంగదాసు కట్టేది కూలీల సంఘం. మరీ ముఖ్యంగా జి. కల్యాణరావు 'అంటరాని వసంతం' ఉంది. కరువొచ్చి ఊరు వదిలి బకింగ్‌హామ్ కాలువ పనికి బయల్దేరిన మాలమాదిగల ప్రయాణం ఆ నవలలో చదివినవాళ్ళు మర్చిపోలేరు. అక్కడ నడక ఉంది, ఆకలి ఉంది, దారిలో చావులున్నాయి. కానీ అంతటితో ఆగలేదు. కాలువ దగ్గరికి చేరాక, పని ఎవరికి దొరకాలో కులమే తేలుస్తుంది. కరువు అందరికీ వచ్చింది, కరువు పని మాత్రం అందరికీ కాదు. కల్యాణరావు ఈ మాట నినాదంగా చెప్పడు. పని దగ్గర ఏం జరిగిందో చెబుతాడు. చదివేవాడికి అర్థమైపోతుంది.

2000లో వచ్చిన ఆ నవల చేతిలో ఉండగా, 2020లో మనం కాళ్ళ దగ్గరే ఎందుకు ఆగిపోయాం?

నాకు తోచిన కారణం ఒకటి. తెలుగు వలస సాహిత్యంలో వెళ్ళేవాళ్ళం మనమే. పాలమూరు నుంచి, ఉద్దానం నుంచి, సిరిసిల్ల నుంచి మనవాళ్ళు ఎక్కడికో వెళ్తారు. అక్కడ ఎవరో వాళ్ళని మోసం చేస్తారు. ఏడుపు మనది, తప్పు పరాయివాడిది. ఆ అమరిక మనకి అలవాటైపోయింది. మిర్చి చేనుకొచ్చేసరికి అది తిరగబడింది. వచ్చినవాళ్ళు వాళ్ళు, పనిలో పెట్టుకున్నది మనం. ములుగు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో 2005 తర్వాత సల్వాజుడుం నుంచి తప్పించుకుని వచ్చి అడవుల్లో గూడేలు వేసుకున్నవాళ్ళూ ఉన్నారు. పత్రికలు గొత్తికోయలంటాయి. తెలంగాణలో వాళ్ళకి ఎస్టీ గుర్తింపు లేదు. సీజన్‌కి వచ్చిపోయేవాళ్ళు వేరు, వీళ్ళు వేరు. అయినా ఇద్దరూ ఏరేది మన మిర్చే. ఈ కథలో బాధపడేవాడి స్థానంలో మనం లేం. అందుకే మన దగ్గరున్న పాత గొంతు ఇక్కడ పనికిరాలేదు. కొత్త గొంతు వెతుక్కోకుండా, పాత గొంతుతోనే వాళ్ళ బదులు మనం ఏడ్చేశాం.

*

పనిలో పెట్టుకున్నవాళ్ళ వైపు నుంచి రాసినవాడు ఒకడు గుర్తొస్తాడు, స్టైన్‌బెక్. 'ద గ్రేప్స్ ఆఫ్ రాత్' (1939)ని మనం కరువుకి ఊరు వదిలినవాళ్ళ నవలగా గుర్తుపెట్టుకుంటాం. ఒక్లహోమా నుంచి కాలిఫోర్నియాకి పాత ట్రక్కులో ఒక కుటుంబం. అయితే స్టైన్‌బెక్ ఒక్లహోమావాడు కాదు. కాలిఫోర్నియాలో, సాలినాస్ అనే వ్యవసాయ పట్టణంలో పుట్టాడు. తన జిల్లా రైతులు, తన ఊరివాళ్ళు బయటి కూలీలతో ఎలా ఉన్నారో చూసి, 1936లో పత్రికకి రిపోర్టులు రాసి, తర్వాత నవల రాశాడు. ఆ నవలని కాలిఫోర్నియాలోనే కెర్న్ కౌంటీ లైబ్రరీల్లో నిషేధించారు. సొంత ఊరికి కోపం వచ్చేలా రాశాడు.

సరిహద్దు సంగతి కూడా అందులో ఉంది. 1936 మొదట్లో లాస్ ఏంజెలిస్ పోలీసు అధికారి తన పోలీసుల్ని రాష్ట్ర సరిహద్దులకి పంపి, చేతిలో డబ్బుల్లేనివాళ్ళని వెనక్కి తిప్పించాడు. ఒకే దేశంలో, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి. పేదవాణ్ణి రాష్ట్రంలోకి తీసుకురావడమే నేరం అన్న కాలిఫోర్నియా చట్టాన్ని 1941లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇంత జరిగినా నవలలో సరిహద్దు కొద్ది పేజీలే. ఎక్కువ పేజీలు పని మీద. పెట్టె పీచ్ పళ్ళు కోస్తే అయిదు సెంట్లు, సమ్మె విరిగాక అందులో సగం. పత్తి ఏరాలంటే సంచి కూడా కూలీయే కొనుక్కోవాలి, డబ్బుల్లేకపోతే అప్పు మీద. కాటా దగ్గర మోసం, ఆ మోసం తెలిసి సంచిలో రాళ్ళు వేసే కూలీ. స్టైన్‌బెక్ జాలిపడటం కంటే ఎక్కువగా లెక్కపెట్టాడు. ఆ లెక్క వల్లే ఎనభై ఏళ్ళ తర్వాత చదివినా మనకి కోపం వస్తుంది.

మా చిన్నమ్మ ఆ నవల చదవలేదు. కానీ ఆమె అడిగిన ప్రశ్న ఆ నవల అడిగిన ప్రశ్నే.

*

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. కవిత కూలీ రిజిస్టరు కాదు కదా? దుఃఖంలో ఉన్నప్పుడు లెక్కలడిగితే ఎలా? ఒక మిత్రుడు ఇదే అన్నాడు. "ఇంట్లో శవం ఉంటే బాకీల పుస్తకం తీస్తావా?" అని.

ఆ మాటలో నిజం ఉంది. అంకెలు వేస్తేనే కవిత అని నేననను. ఆ రోజుల్లో ఆ ఏడుపు లేకపోతే మనం ఇంకా మొద్దుబారేవాళ్ళం. కానీ శవం మన ఇంట్లో లేదు. వాళ్ళ ఇంట్లో ఉంది. బాకీ మాత్రం మన ఇంట్లోనే ఉంది. బాకీ ఉన్నవాడు శవం దగ్గర అందరికంటే గట్టిగా ఏడిస్తే ఊళ్ళో ఏమంటారు?

ఇంకో మాట. పని తెలీకుండా రాసిన దుఃఖం ఎవరికైనా సరిపోతుంది, అందుకే ఎవరినీ ఇబ్బంది పెట్టదు. నా కవితని షేర్ చేసినవాళ్ళలో బిల్డర్లున్నారు, ఇన్‌స్పెక్టర్లున్నారు, మిర్చి వ్యాపారులున్నారు. అందరికీ నచ్చింది. ఎవరికీ తగల్లేదు. ఇప్పుడు ఆలోచిస్తే భయమేసే విషయం అదే. 1979లోనే అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. కాంట్రాక్టరు ద్వారా వచ్చిన అయిదుగురు, అంతకంటే ఎక్కువమంది ఉంటే నమోదు చేయాలని, దారి ఖర్చు ఇవ్వాలని చెప్పింది. మిర్చి చేలల్లో ఆ చట్టం పేరు విన్నవాళ్ళు నాకు కనబడలేదు. 2020 సెప్టెంబర్ 14న, దారిలో చనిపోయిన వలస కూలీల లెక్క తమ దగ్గర లేదని కేంద్రం లోక్‌సభకి చెప్పింది. మనందరం ఆ మాట మీద మండిపడ్డాం, నేనూ పడ్డాను. కానీ చనిపోయినవాళ్ళ లెక్క లేని ప్రభుత్వమూ, బతికున్నవాళ్ళ పని లెక్క లేని కవిత్వమూ మరీ అంత దూరం చుట్టాలేం కావు.

*

చిన్నమ్మ అడిగిన రోజు నేను తిరిగి ఏమీ అడగలేదు. అడగాల్సిన ప్రశ్న ఏమిటో తెలుసు. ధైర్యం లేదు. ఆమె పట్టీ తీసేసి ఊరెళ్ళిపోయింది. పోయినేడు ఫిబ్రవరిలో, ఉప్పల్‌లో బస్సెక్కి, అదే 163వ నంబరు రోడ్డు మీద వాళ్ళూరు వెళ్ళాను. కల్లంలో కాయ ఎర్రగా పరిచి ఉంది. గాలి తిరిగినప్పుడల్లా దగ్గొస్తోంది. చేను పక్కన నాలుగు పరదా గుడిసెలు, పొయ్యి మీద జావ. ఏరేవాళ్ళలో బడి వయసు పిల్లలు ముగ్గురు కనబడ్డారు. నేను వాళ్ళతో మాట్లాడలేకపోయాను. వాళ్ళ మాట నాకు రాదు, నా మాటలో కొంచెమే వాళ్ళకి వచ్చు.

రాత్రి అన్నం తిన్నాక అడిగాను. "చిన్నమ్మా, ఆ కరోనా ఏడు మన చేన్ల పనిచేసినోళ్ళకు కూలి ముట్టిందా?"

ఆమె దాచలేదు. "సగం కాయ చెట్టు మీదనే ఉండె. ఏరింది కల్లంల ఉండె. మార్కెట్ బంద్. అమ్మితేగద పైసలు? బియ్యం ఇచ్చినం, ఇంతంత మిర్చి ఇచ్చినం. మిగిలింది మార్కెట్ తెరిచినంక ఇస్తమన్నం. ఆగలే. ఒకనాడు పొద్దుగాల చూసేవరకు గుడిసెలల్ల ఎవ్వరు లేరు. మల్ల ఏడు వస్తే ఇద్దమనుకున్న. ఆ గుంపు మల్ల రాలే."

"మేస్త్రీని అడగలేదా?"

"అడిగిన. ఆయన ఫోన్ కలువలే."

ఆమె చెడ్డది కాదు. రెండెకరాల రైతు. ఆ ఏడు తన అప్పే తీరలేదు. తన బాకీ తనకి గుర్తుంది కాబట్టే నా కవిత విని ఆ ప్రశ్న అడిగింది. నేను అది విమర్శ అనుకున్నాను. అది ఆమె మనసులో మూడుపాళ్ళు తనకి తను వేసుకున్న ప్రశ్న. రాయాల్సింది ఇదే అని నాకు అప్పుడు తెలిసింది. ఇది నడిచిపోయినవాళ్ళ కథ కంటే ముందు, నడిచిపోయేలా చేసిన ఇంటి కథ. ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు దుర్మార్గులు కూడా కారు. అలాంటి కథ రాయడం కష్టం. మన కథకుల్లో మిర్చి పండే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు వరంగల్‌లో ఉన్నారు, ఖమ్మంలో ఉన్నారు, గుంటూరులో ఉన్నారు. ఈ కథ వాళ్ళ కల్లంలోనే ఉంది. అవతలి ఒడ్డు కథ మాత్రం ఆ గుంపులోని పిల్లలే చదువుకుని, వాళ్ళ భాషలో రాయాలి. మనం వాళ్ళ గొంతు అరువు తెచ్చుకోకుండా ఉంటే అదే పెద్ద సాయం.

పొద్దున బయల్దేరే ముందు తమ్ముడు లెక్కల పుస్తకం తెచ్చి చూపించాడు. పాత స్కూలు నోటుబుక్కు. 2020 పేజీలో మందుల షాపు బాకీ, ట్రాక్టర్ కిరాయి, మోటర్ రిపేరు, అన్నిటికీ పేర్లున్నాయి. అడుగున ఇంకో లైను. "కోయోళ్ళు, 9 మంది." పక్కన ఒక అంకె రాసి, కొట్టేయకుండా వదిలేశారు.

ఆ తొమ్మిది మంది పేర్లు ఇంట్లో ఎవరికీ తెలీదు. నా కవితలోనూ లేవు.